ద్వారకానగర్ పెళ్లి సంబంధాల కార్యాలయం: ‘ఇతరులు’ గడిలో నుంచి ఒక సమీక్ష

విశాఖపట్నం ద్వారకానగర్‌లో, ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, ఒక మేడ మీది రెండు గదులలో క్రైస్తవ కుటుంబాలకు మాత్రమే సంబంధాలు చూసే కార్యాలయం ఉంది. నా అభ్యంతరాలలో చాలావరకు ఇటువంటి కార్యాలయాలన్నింటికీ వర్తించేవే కాబట్టి దాని పేరు ఇక్కడ వ్రాయడం లేదు. నమోదు రుసుము 3,000 రూపాయలు, గడువు ఒక సంవత్సరం. దానిని నడిపే అమ్మగారు విశ్రాంత ఉపాధ్యాయిని. అబ్బాయి ఉద్యోగమూ జీతమూ స్వయంగా విచారించిన తరువాతనే వివరాలు పంపుతారు, కుదరని సంబంధాన్ని కుదురుతుందని సాగదీయరు. ఈ వ్యాపారంలో అంత నిక్కచ్చితనం అరుదు.

నేను యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘానికి, అంటే లోకం మోర్మన్లు అని పిలిచే సంఘానికి చెందినదానిని. అందువల్ల దరఖాస్తులో ‘సంఘం’ అన్న గడి దగ్గరే చిక్కు మొదలైంది. సి.ఎస్.ఐ., బాప్టిస్టు, లూథరన్, రోమన్ కాథలిక్, పెంతెకోస్తు అని వరుసగా అచ్చు వేసి, అడుగున ‘ఇతరులు’ అని ఉంచారు. ఉత్తరాంధ్రలో కెనడా బాప్టిస్టు మిషనరీలు వేసిన పునాది బలమైనది కనుక బాప్టిస్టు సంబంధాల దస్త్రం లావుగా ఉంటుంది. భీమునిపట్నంలో పుట్టిన మా అమ్మ నేటికీ ఆ సంఘంలోనే ఉన్నది. నన్ను ‘ఇతరులు’లో చేర్చిన అమ్మగారు, “మీవాళ్లలో మగవాళ్లు ఇద్దరు ముగ్గురిని చేసుకుంటారటగా అమ్మా?” అని మొహమాటం లేకుండా అడిగారు. 1890లో నాటి అధ్యక్షుడు విల్‌ఫర్డ్ వుడ్రఫ్ వెలువరించిన ప్రకటనతో ఆ పద్ధతికి స్వస్తి చెప్పడం మొదలైందనీ, నేడు ఒక భార్య ఉండగా మరొకరిని చేసుకుంటే సభ్యత్వమే పోతుందనీ చెప్పాను. అబ్బాయి తల్లిదండ్రులు అడగకముందే ఈ సంగతి తానే చెబుతానని ఆమె వ్రాసుకున్నారు, చెప్పారు కూడా.

చదువుకూ ఉద్యోగానికీ నడుమ 18 నెలల ఖాళీ ఎందుకు వచ్చిందన్నది తరువాతి ప్రశ్న. మా సంఘంలో యువకులు 24 నెలలు, యువతులు 18 నెలలు మిషను సేవకు వెళతారు. జీతం ఉండదు, పైగా ఖర్చులో కొంత ఇంటివాళ్లే భరించాలి. ఉదయం ఆరున్నరకు లేవడం, చదువుకోవడం, ఎక్కడికి వెళ్లినా సహచరితో కలిసే వెళ్లడం, ప్రేమ వ్యవహారాలకు పూర్తిగా దూరంగా ఉండడం అక్కడి నియమాలు. ఇంటికి వారం వారం ఫోను చేసుకోవచ్చునన్న సడలింపు 2019 ఫిబ్రవరిలో వచ్చింది. అంతకుముందు వెళ్లినవారికి క్రిస్మసుకూ మదర్స్ డేకూ తప్ప తల్లి గొంతు వినిపించేది కాదు. నేను ఉత్తరాది నగరాలలో పనిచేశాను. నా సహచరి ఈశాన్య రాష్ట్రాల అమ్మాయి. వీధిలో ఆమెను ‘చీనీ’ అనీ నన్ను ‘మద్రాసీ’ అనీ పిలిచేవారు, ఇద్దరమూ తలుపు తట్టిన ఇళ్లలో ముందుగా మా ముఖాలకే సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చేది. ఊరూ పేరూ తెలియని మనిషితో ఒకే గదిలో ఉంటూ, కూర ఎవరు వండాలన్న దగ్గర నుంచి ప్రార్థన ఎవరు చెప్పాలన్న దాకా సర్దుకోవడం ఆ నెలలలోనే నేర్చుకున్నాను. పెళ్లికి ఇంతకంటే పనికివచ్చే శిక్షణ ఏ డిగ్రీలోనూ దొరకదని నా అభిప్రాయం. కార్యాలయం మాత్రం దానిని ‘గ్యాప్’ అనే గడిలోనే వేసింది. నేనిచ్చిన ఫోటోలో ఛాతీ మీద ‘సిస్టర్’ అని నల్లటి బిళ్ల ఉండడంతో, ఒక కాథలిక్ కుటుంబం నన్ను కాన్వెంటు వదిలి వచ్చిన కన్యాస్త్రీ అనుకొని కబురు ఆపివేసింది.

ఆ ఫోటోతోనే అసలు తగవు వచ్చింది. దరఖాస్తులో ‘ఛాయ’ అనే గడి ఉంది: తెలుపు, గోధుమ రంగు, చామనఛాయ, నలుపు. నేను ఉన్నది ఉన్నట్టు నలుపు అని వ్రాశాను. వారం తిరిగేసరికి అబ్బాయిల ఇళ్లకు వెళ్లిన ప్రతిలో నా ముఖం పిండి అద్దినట్టు తెల్లబడి ఉంది, బిళ్ల పట్టుకున్న చేతివేళ్లు మాత్రం నా రంగులోనే మిగిలాయి. అడిగితే, అందరికీ అలాగే చేస్తామనీ లేకపోతే కవరు విప్పి కూడా చూడరనీ అమ్మగారు సమాధానమిచ్చారు. అబద్ధం చెప్పని మనిషి కంప్యూటరు చేత అబద్ధం చెప్పించడం నాకు మింగుడుపడలేదు.

అయితే ఈ గడిని చూసి ముక్కు విరవడానికి నా సంఘ చరిత్ర నాకు అంత చోటు ఇవ్వదు. సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ జీవించి ఉండగానే, 1836లో, ఎలైజా ఏబెల్ అనే నల్లజాతి సభ్యుడు యాజకత్వం, అంటే సంఘ విధులు జరిపే అధికారం, పొందాడు. 1852లో బ్రిగమ్ యంగ్ ఆఫ్రికా సంతతి పురుషులకు యాజకత్వం లేదని బహిరంగంగా ప్రకటించాడు, ఆ సంతతి స్త్రీపురుషులకు దేవాలయంలోని ముఖ్య విధులు కూడా మూతబడ్డాయి. బానిసత్వంలో లేని జేన్ మానింగ్ జేమ్స్ అనే నల్లజాతి స్త్రీ, విశ్వాసం కోసం వందల మైళ్లు నడిచి, అప్పట్లో సంఘానికి కేంద్రమైన నావూ పట్టణం చేరి, ముసలితనం దాకా ఆ విధుల కోసం అర్జీలు పెట్టుకుంటూనే ఉన్నది. చివరకు 1894లో ఆమెను జోసెఫ్ స్మిత్ కుటుంబానికి నిత్యత్వమంతా సేవకురాలిగా జతచేశారు, ఆ తంతుకు కూడా ఆమెను లోపలికి రానివ్వక మరొకరిని బదులు నిలబెట్టారు. నిషేధం 1978 జూన్‌లో, స్పెన్సర్ కింబల్ అధ్యక్షుడిగా ఉండగా తొలగింది. నలుపు శాపమన్న పాత సిద్ధాంతాలను సంఘం తన వ్యాసంలో స్పష్టంగా తోసిపుచ్చడానికి 2013 దాకా పట్టింది. భారతీయులకు ఆ నిషేధం వర్తించలేదు. 1978 డిసెంబరులోనే సమోవా నుంచి ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు హైదరాబాదు వచ్చి తమ బంధువులలో 22 మందికి బాప్తిస్మం ఇప్పించారు. తెలుగునాట మా సంఘానికి అదే తొలి అడుగు. వర్తించలేదు కదా అని ఊరుకుందామంటే అద్దంలో నా ముఖం ఊరుకోనివ్వదు.

పక్కనే ‘కులం’ గడి. ఎస్సీ కుటుంబాలు క్రైస్తవంలో చేరితే మన రాష్ట్రంలో బీసీ-సీ అవుతాయి. అందువల్ల సంబంధం మాట్లాడే ముందు చేతిలో ఏ సర్టిఫికెట్ ఉన్నదీ రెండు వైపులా ఆరా తీస్తారు. మా సంఘంలో ఈ గడి లేదని గొప్పగా చెప్పబోయి ఆగాను. ఒకే జాతి, ఒకే ఆర్థిక స్థితి, ఒకే చదువు ఉన్నవారిని చేసుకోవడం మేలని కింబల్ 1976లో చెప్పిన మాట, 2013 దాకా మా సంఘం మగపిల్లల పాఠ్యపుస్తకంలో అచ్చవుతూనే ఉంది. మా పెదనాన్న గారు ఆ పేజీ చూసి ఉంటే, అమెరికావాడు కూడా మనలాగే మాట్లాడాడే అని సంతోషించేవారు. అమ్మగారి దరఖాస్తు ఈ గడిని దాచదు, చీటీ అంటించి కప్పదు. ఆ మేరకు నాకు గౌరవమే.

చట్టం విషయంలో ఈ కార్యాలయం ఇచ్చే సలహా రుసుముకు మించిన విలువ గలది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద పెళ్లి జరిపించే పాదిరికి లైసెన్సు ఉండాలనీ, లేనిపక్షంలో 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రారుకు 30 రోజుల ముందు నోటీసు ఇచ్చుకోవాలనీ కాగితం మీద వ్రాసి వివరించారు. మా సీలింగు గురించి మాత్రం ఆమెకు నచ్చజెప్పడం కష్టమైంది. భార్యాభర్తలను మరణం తరువాత కూడా కలిపి ఉంచే ఆ విధి దేవాలయంలోనే జరుగుతుంది, అర్హత పత్రం లేని వారెవరూ, కన్నతల్లి అయినా, లోపలికి రాకూడదు. బెంగళూరు దేవాలయాన్ని 2018లో ప్రకటించి 2020 డిసెంబరులో శంకుస్థాపన చేశారు. దేశంలో దేవాలయం లేక మనవాళ్లు హాంకాంగు దాకా వెళ్లేవారు. అమెరికా వంటి చోట్ల అందరి ఎదుట ముందుగా పెళ్లి చేసుకున్నవారు సీలింగుకు ఏడాది ఆగాలన్న నియమాన్ని 2019 మేలో ఎత్తివేశారు. కాబట్టి మా అమ్మ చూస్తుండగా విశాఖలోనే పెళ్లి, తరువాత ఇద్దరమూ దేవాలయానికి ప్రయాణం అని నేను వివరించాను. “తల్లిని బయట కూర్చోబెట్టే పెళ్లి కాదని ముందే చెప్పవచ్చు కదమ్మా,” అని ఆమె ఊపిరి పీల్చుకున్నారు. మా అమ్మ ఆ మాటకు ఏమీ అనలేదు.

వచ్చిన సంబంధాలలో కొన్ని, ఆదాయంలో పదో వంతు సంఘానికి ఇచ్చే దశమభాగం దగ్గర, కొన్ని మా సంఘంలో నిషిద్ధమైన కాఫీ దగ్గర ఆగాయి. కాఫీ త్రాగని కోడలు అత్తగారికి కలిపి ఇస్తుందా అన్న సందేహం నేను ఊహించినదానికంటే పెద్దది. ఇస్తానని చెప్పినా పెళ్లిచూపులకు బాదంపాలే కాచాము. ఒక బాప్టిస్టు అబ్బాయితో మాటలు ఇంకా నడుస్తున్నాయి, అతడికి పంపినది నా అసలు ఫోటోనే.

మతం మారి వచ్చినవారికీ, చిన్న సంఘాలవారికీ ఈ కార్యాలయాన్ని సందేహం లేకుండా సూచిస్తాను. ఫోటో ఇచ్చేటప్పుడు మాత్రం రంగు మార్చవద్దని దరఖాస్తు మీదనే వ్రాసి సంతకం చేయండి, నోటిమాట సరిపోదు. కార్యాలయం రద్దీగా ఉండేది ఆదివారం ఆరాధనలు ముగిసిన తరువాతనే. మాలాగా ఆ రోజు లావాదేవీలు పెట్టుకోనివారు ముందుగా ఫోను చేస్తే శనివారం సాయంత్రం సమయం ఇస్తారు.