షఫుల్ బటన్ రివ్యూ: పాటలో మాట, చేతిలో వస్తువు కలిసే క్షణాల కోసం

మ్యూజిక్ యాప్‌ల మీద రివ్యూలు చూస్తే అన్నీ సౌండ్ క్వాలిటీ, పాటల కలెక్షన్, యాడ్స్ గోల, వీటి చుట్టూనే తిరుగుతుంటాయి. నేను రాసేది వాటిల్లో ఉండే ఒకే ఒక్క బటన్ గురించి, షఫుల్. అది కూడా పాటలు కలగలిపి వినడానికి ఎలా ఉందో చెప్పడానికి కాదు, నేను దాన్ని కోఇన్సిడెన్స్‌లు పట్టుకోవడానికి వాడతా, ఆ పనికి ఎంత బాగుంటుందో చెప్పడానికి.

అంటే ఏంటంటే, పాటలో ఒక మాట వస్తుంది, సరిగ్గా అప్పుడే ఆ వస్తువు మన చేతిలో ఉంటుంది, లేదా చదువుతున్న పేజీలో అదే మాట మీద కన్ను ఉంటుంది, లేదా పొద్దున్నుంచి మనసులో నలుగుతున్న విషయం గురించే ఒక లైన్ వచ్చి చెవిన పడుతుంది. ఇది జరగని మనిషి ఉండడు. చాలామంది భలే కలిసిందే అనుకుని మర్చిపోతారు, నేను మాత్రం నోట్‌బుక్ తీసి రాసుకుంటా. ఈ పనికి ఏ యాప్, ఏ సెట్టింగ్ బాగుంటుందని అడిగేవాళ్ళు ఉన్నారు కాబట్టి ముందే తేల్చి చెప్తున్నా, మన సొంత లిస్టు మీద నడిచే సాదా షఫుల్‌కి ఐదుకి ఐదు. మన టేస్ట్ తెలుసుకుని మధ్యలో తనే పాటలు దూర్చే తెలివైన షఫుల్‌కి, అంటే స్మార్ట్ రకానికి, రెండు, అది కూడా కొత్త పాటలు పరిచయం చేస్తుంది కాబట్టి.

సాదా షఫుల్ ఏం ఇస్తుందో ఒకటి చెప్తా. గోడ గడియారం ఆగిపోయింది, సెకన్ల ముల్లు ఒకే గీత దగ్గర ముందుకీ వెనక్కీ వణుకుతోంది తప్ప కదలట్లేదు. బల్ల మీద బోర్లా పెట్టి పాత సెల్ పీకి, స్ప్రింగ్ దగ్గర పట్టిన తుప్పు గుడ్డతో తుడిచి కొత్త సెల్ పెట్టా. వెనక పాట నడుస్తూనే ఉంది, కొత్త పాట మొదలై మ్యూజిక్ అయిపోయి గొంతు అందుకుంది. గడియారం తిప్పి చూసేసరికి ముల్లు టక్ మని ఒక గీత దాటింది, పాటలో అదే క్షణంలో "కాలం" అన్న మాట పడింది. ఆ తర్వాత నాలుగైదు గీతలు ముల్లూ పాట బీటూ కలిసే నడిచాయి, తర్వాత విడిపోయాయి. ఒళ్ళు ఝల్లుమంది. ఆ రోజు నేను ఎప్పుడో ఆపేసిన ఒక పని మళ్ళీ మొదలుపెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నా, అందుకే అది నాకు ఉత్త కలయికలా అనిపించలేదు. ఆ పని మొదలుపెట్టా కూడా.

ఇక్కడ లెక్కల వాళ్ళు ఒక మాట అంటారు, అది కరెక్టే, దాన్ని దాటేసి రాయడం నాకిష్టం లేదు. కూర్చున్న చోట కనపడే వస్తువులు ఓ 20 అనుకోండి, ఒక పాటలో వస్తువుల పేర్లు, విషయాల పేర్లు కలిపి ఓ 50 మాటలు అనుకోండి. అంటే ఒక్క పాట అయ్యేలోపు కలవడానికి 1000 జతలున్నాయి. వాటిల్లో ఒకటి కలిస్తే ఆశ్చర్యపడాల్సిందేముంది అంటారు. 23 మంది ఉన్న గదిలో ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి పైనే అని చెప్పే లెక్క కూడా ఇలాంటిదే, మనుషులు 23 మందే కానీ జతలు 253. లిటిల్‌వుడ్ అనే గణిత శాస్త్రవేత్త పేరుతో ఇంకోటి చెప్తారు, మనిషి రోజుకి 8 గంటలు ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉండి సెకనుకి ఒక సంగతి గమనిస్తే 35 రోజుల్లో పది లక్షలు దాటుతాయి, పది లక్షల్లో ఒకటి జరిగేదాన్ని అద్భుతం అనుకుంటే నెలకి ఒకటి అందరికీ జరిగి తీరాలి అని.

నేను ఈ లెక్క ఒప్పుకుంటా. ఒప్పుకున్నాక కూడా నాకు గడియారం సంగతి విలువ తగ్గలేదు, ఎందుకంటే ఏదో ఒకటి కలుస్తుందని లెక్క చెప్తుంది, ఏది కలిసినప్పుడు నా గుండె ఆగి చూసిందో లెక్క చెప్పదు. "కుర్చీ" అన్న మాట పాటలో వచ్చినప్పుడు కుర్చీలోనే కూర్చుని ఉన్నా నాకేమీ అనిపించదు. వెయ్యి జతల్లో ఏ జత దగ్గర మనసు ఉలిక్కిపడిందో అది మన లోపల ఏం నడుస్తోందో చెప్తుంది, నేను నోట్‌బుక్ పెట్టుకున్నది అందుకే.

కానీ దీనికంతటికీ ఒకటే షరతు. ఆ పాటని ఎవరూ కావాలని పంపి ఉండకూడదు. నా సంగతి తెలిసినవాళ్ళు చూసి చూసి ఆ టైమ్‌కి ఆ పాట పెడితే అది ప్రేమ అవ్వొచ్చు, మార్కెటింగ్ అవ్వొచ్చు, కాకతాళీయం మాత్రం అవ్వదు. స్మార్ట్ రకానికి నేను మార్కులు కోసింది సరిగ్గా ఇక్కడే.

సాదా షఫుల్ వెనక పద్ధతి చాలా సింపుల్‌గా, చాలా అందంగా ఉంటుంది. ఫిషర్, యేట్స్ అనే ఇద్దరు 1938లో కాగితం పెన్సిలుతో చేసుకునేలా రాసిన పద్ధతి అది, తర్వాత 1964లో డర్‌స్టెన్‌ఫెల్డ్ దాన్ని కంప్యూటర్‌కి సరిపడా మార్చాడు. లిస్టులో చివరి పాట దగ్గర మొదలుపెట్టి, అక్కడి దాకా ఉన్నవాటిల్లో గుడ్డిగా ఒకటి ఎంచి రెంటినీ తారుమారు చేయాలి, తర్వాత దాని ముందు పాట, అలా మొదటి దాకా. అంతే. దానికి నా వయసు తెలీదు, నేను నిన్న ఏం వెతికానో తెలీదు, బయట వాన పడుతోందో లేదో తెలీదు. 52 పాటలుంటే వాటిని ఎన్ని వరసల్లో పెట్టొచ్చో ఆ సంఖ్య రాస్తే 68 అంకెలొస్తుంది. అన్ని వరసల్లోంచి ఆ పూట ఈ వరస వచ్చి, అందులో ఈ పాట గడియారం తిప్పిన క్షణానికి వచ్చి నిలబడింది అంటే ఆ సంతోషమే వేరు.

అయితే జనానికి అసలైన గుడ్డి కలపడం నచ్చదు, అది కూడా తెలుసుకోవాలి. గుడ్డిగా కలిపితే ఒకే సింగర్ పాటలు మూడు వరసగా రావడం మామూలే, అలా వస్తే ఇది రాండమ్ కాదు ఎవరో కావాలని చేస్తున్నారు అని కంప్లయింట్లు వెళ్ళాయి. 2005లో యాపిల్ ఐట్యూన్స్‌లో స్మార్ట్ షఫుల్ అనే పేరుతోనే ఒకటి పెట్టింది (నేను మార్కులు కోసిన స్మార్ట్ రకం ఇది కాదు), ఒకే సింగర్ పాటలు పక్కపక్కన ఎంత రావాలో మనమే జరుపుకునేలా. 2014లో స్పాటిఫై ఇంజినీర్లు కూడా ఒక సింగర్ పాటల్ని లిస్టు పొడుగునా ఎడంగా సర్దే పద్ధతికి మారామని వివరంగా రాశారు. ఈ ఎడం పాటించడం వరకు నాకు పేచీ లేదు, సింగర్‌ని చూసి సర్దుతుంది తప్ప నన్ను చూసి సర్దదు, పాటలో మాటల్ని అస్సలు చూడదు. కాబట్టి మన పనికి అది సాదా కిందే లెక్క.

నన్ను చూసి సర్దేదానితోనే చిక్కు. యాప్ పేరు చెప్పను, ఇప్పుడు చాలా వాటిల్లో ఉంది ఈ ఫీచర్. పాత గొడుగు ఒకటి బాగుచేస్తూ కూర్చున్నా, ఒక పుల్ల వంగిపోయి గుడ్డ దగ్గర దారం తెగింది, సూదిలో దారం ఎక్కిస్తుంటే గొడుగు గురించిన పాట మొదలైంది, అది నా లిస్టులో ఉన్న పాట కాదు. సూది పక్కన పెట్టి క్యూ, అంటే తర్వాత రాబోయే పాటల వరస, తెరిచి చూస్తే దాని కింద సజెస్ట్ చేసినది అని చిన్న అక్షరాల్లో ఉంది, దాని వెనక ఇంకో రెండు వాన పాటలు రెడీగా ఉన్నాయి. ముందు రోజు నేను వాన పాటలు వరసగా విన్నా, ఆ పోలికతో అది తెచ్చి పెట్టింది. పాట బాగానే ఉంది, కానీ నోట్‌బుక్‌లో రాయలేదు. ఎర వేసిన చోటికి చేప వస్తే అందులో చెప్పుకోడానికేముంది.

మనస్తత్వవేత్త యూంగ్ చెప్పిన పురుగు కథ చాలామందికి తెలిసే ఉంటుంది. ఆయన దగ్గరికి ట్రీట్‌మెంట్‌కి వచ్చిన ఒకావిడ, కలలో తనకెవరో బంగారు పేడపురుగు బొమ్మ నగ ఇచ్చారని చెప్తోంది, అప్పుడే ఆయన వెనకున్న కిటికీ అద్దానికి ఏదో వచ్చి తగులుతోంది. కిటికీ తీసి పట్టుకుంటే ఆకుపచ్చా బంగారం కలిసిన రంగులో మెరిసే పురుగు, ఆ చుట్టుపక్కల దొరికేవాటిల్లో ఆ బంగారు పురుగుకి దగ్గరి పోలిక ఉన్నది అదే. ఇదిగో మీ పురుగు అని ఆవిడ చేతిలో పెట్టాడు. 1952లో సింక్రోనిసిటీ మీద, అంటే ఒకదానికొకటి కారణం కాకుండానే అర్థవంతంగా కలిసే సంగతుల మీద, ఆయన వేసిన వ్యాసంలో ఉంటుంది ఇది, అదే పుస్తకంలో రెండో వ్యాసం ఫిజిక్స్‌లో నోబెల్ వచ్చిన పౌలీది. యూంగ్ సిద్ధాంతాన్ని నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం, నాకు ముఖ్యం ఏంటంటే పురుగు దానంతటది వచ్చింది. ఆ పురుగుని ఎవరైనా ముందే డబ్బాలో దాచి పెట్టుంటే ఈ కథ ఇన్నేళ్ళు ఎవరు చెప్పుకునేవారు? స్మార్ట్ షఫుల్ చేసేది డబ్బాలో పురుగుని దాచడమే.

సెట్టింగ్‌ల సంగతి. ఆటోప్లే ఆఫ్ చేయండి, లిస్టు అయిపోయాక పోలిక ఉన్న పాటలు తెచ్చేది అదే. స్మార్ట్ అనీ మిక్స్ అనీ మూడ్ అనీ ఉన్నవేవీ ముట్టుకోవద్దు. లిస్టు మీరే తయారు చేసుకోండి, పెద్దదిగా, అన్ని రకాలూ ఉండేలా, అన్నీ విరహం పాటలే వేసుకుంటే ప్రతి దానికీ విరహమే కలుస్తుంది. పాటలు ఫోన్లోకి దించుకుని నెట్ ఆపేసి వింటే ఇంకా నిశ్చింత. ఇయర్‌ఫోన్స్ కన్నా స్పీకర్ మేలు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే పాటలోకి వెళ్ళిపోతాం, వస్తువులు కనపడవు. మన చెవి మీద కొంచెం నమ్మకం ఉంచొచ్చు, 1959లో నెవిల్ మోరే చేసిన ప్రయోగంలో ఒక చెవిలో వచ్చేదాని మీదే దృష్టి పెట్టమంటే, పట్టించుకోని రెండో చెవిలో తమ పేరు వినపడితే కొందరు పసిగట్టారు. మనకి కావలసిన మాట ఉంటే చెవి దానంతటదే వెతికి పట్టుకుంటుంది.

లిరిక్స్ స్క్రీన్ మీద లైను లైనుగా కదిలే ఫీచర్‌కి మాత్రం సగం మార్కులే. ఒక మాటని ఇంకో మాటగా వినడం మనందరికీ అలవాటే, కాబట్టి కలిసిన మాట నిజంగా పాటలో ఉందా లేదా అని చెక్ చేసుకోడానికి అది బాగా పనికొస్తుంది. కానీ టైమింగ్ చాలా పాటల్లో తేడాగా ఉంటుంది, గొంతు ముందు పోతుంది అక్షరాలు వెనక వస్తాయి, తెలుగు లిరిక్స్ అయితే చాలా పాటలకి అసలు ఉండవు, ఉన్నవాటిల్లో తప్పులు. చెక్ చేసేటప్పుడు తప్ప స్క్రీన్ వైపు చూడకండి, చూస్తూ కూర్చుంటే కన్ను అక్షరాలకి అంటుకుపోయి చుట్టూ ఉన్న వస్తువు తప్పిపోతుంది.

నోట్‌బుక్ లేకపోతే ఈ బటన్‌తో సగం ప్రయోజనమే. పాల్ కామెరర్ అని ఆస్ట్రియా జీవశాస్త్రవేత్త, పార్కుల్లో గంటల తరబడి కూర్చుని పోయేవాళ్ళలో ఎవరు గొడుగు పట్టుకెళ్తున్నారు, ఎవరి చేతిలో మూట ఉంది అని రాసుకునేవాడు, అలా పోగేసినవాటితో 1919లో కాకతాళీయాల మీద పుస్తకమే వేశాడు. ఆ ఓపిక నాకు చాలా ఇష్టం. కలిసినవి మాత్రమే కాదు, కలవనివి కూడా రాయాలి. నేను చేసే పద్ధతి ఏంటంటే ప్లే నొక్కే ముందే ఎదురుగా ఉన్నవాటిల్లో మూడు వస్తువుల పేర్లు, మనసులో ఉన్న విషయం ఒక ముక్క, టైమ్ వేసి రాస్తా. తర్వాత పాటలు నడుస్తుంటే వేరే పని చేసుకుంటా. చాలాసార్లు ఆ మూడింటికీ ఏదీ కలవదు, కలవలేదు అని రాసి పేజీ తిప్పేస్తా. ముందే రాసిన పేరు పాటలో వచ్చినప్పుడు ఉండే బలం, పాట విన్నాక చుట్టూ వెతికి కలుపుకున్నదానికి ఉండదు. పెన్ను పట్టుకునే రాయండి, ఫోన్లో టైప్ చేయడానికి వెళ్తే పాట స్క్రీన్ వెనక్కి పోయి, ఈలోపు ఇంకో నోటిఫికేషన్ వచ్చి, ఆ క్షణం చెడిపోతుంది.

నచ్చనివి కూడా చెప్పాలి కదా. యాప్ అప్‌డేట్ అయినప్పుడల్లా సాదా షఫుల్ కోసం వెతుక్కోవాల్సి వస్తోంది, ఒకసారి నొక్కితే స్మార్ట్, రెండోసారి నొక్కితే సాదా, మూడోసారి నొక్కితే ఆఫ్, గుర్తులన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పాట ఎందుకు వచ్చిందో, లిస్టులోంచి వచ్చిందా సజెషనా అన్నది ప్లేయర్ స్క్రీన్ మీదే పెద్దగా రాస్తే బాగుండు, క్యూ తెరిచి చూడాల్సిన అవసరం ఉండకూడదు. ఇంకోటి, ఆ పూట షఫుల్ వేసిన వరసని సేవ్ చేసుకునే ఆప్షన్ ఎక్కడా కనపడలేదు. రాత్రి నోట్‌బుక్ తీసినప్పుడు గడియారం పాటకి ముందు ఏం వచ్చింది, తర్వాత ఏం వచ్చింది అని చూసుకోవాలనిపిస్తుంది, ఈమధ్య విన్నవి అన్న లిస్టు ఉంటుంది కానీ మధ్యలో దాటేసిన పాటలు చాలాసార్లు అందులో ఉండవు. ఈ ఒక్కటీ ఇచ్చే యాప్ ఎవరికైనా తెలిస్తే కింద రాయండి, నా లిస్టు మొత్తం అందులోకి మార్చుకుంటా.