గుల్మార్గ్ మంచుకు ఏ ఎయిర్‌బ్యాగ్: గ్యాస్‌దా, ఫ్యాన్‌దా?

మంచుచరియ విరిగిపడ్డప్పుడు హ్యాండిల్ లాగితే ఉబ్బి, స్కీయర్ మంచు పైన తేలేలా సాయపడే వీపుసంచి ఇది. ఒక రకాన్ని గ్యాస్ సిలిండర్ ఉబ్బిస్తుంది, ఇంకోదాన్ని ఛార్జ్ చేసే ఫ్యాన్.

ధర: గ్యాస్‌ది తక్కువ. ఫ్యాన్‌ది జేబుకు చిల్లే.

ప్రయాణం: గ్యాస్ సిలిండర్‌కు ఎయిర్‌లైన్ అనుమతి ముందే కావాలి, చెకింగ్‌లో వాదన అదనం. ఫ్యాన్‌దానికి ఆ తంటా తక్కువ, ఛార్జింగ్ మాత్రం మరవకూడదు.

సాధన: గ్యాస్ ఒకసారి లాగితే సరి, మళ్లీ నింపించాలి. ఫ్యాన్‌దైతే హోటల్ గదిలోనే పదిసార్లు లాగి చూసుకోవచ్చు. నా లెక్కలో ఇదే అసలు తేడా. మందపాటి గ్లవ్ తొడిగిన చెయ్యి, భుజంపట్టీ మీది హ్యాండిల్‌ను చూడకుండానే దొరకబుచ్చుకోవాలి. కాళ్లమధ్య పట్టీ బిగించకపోతే సంచి ఒంటిమీంచి ఊడిపోతుంది.

ప్రమాదం: బండకు గుద్దుకుంటే రెండూ ఒకటే, దెబ్బ తప్పదు. ట్రాన్సీవర్ (మంచులో కూరుకున్నవాళ్లను సిగ్నల్‌తో వెతికే పరికరం), ప్రోబ్ (మంచులోకి గుచ్చి చూసే పొడవాటి కడ్డీ), పార ఎలాగూ తప్పవు.

హైదరాబాద్ నుంచి శ్రీనగర్‌కు ఎగిరేవాళ్లకు ఫ్యాన్‌ది. యూరప్‌లో ఉంటూ ఆల్ప్స్‌కు కారులో వెళ్లే మనవాళ్లకు గ్యాస్‌ది చాలు.