గోల్డ్‌ఫిష్ ట్యాంక్‌లో హిల్‌స్ట్రీమ్ లోచ్‌లు: మూడేళ్ళ తర్వాత

మొదటి ఏడాది ఎవరడిగినా ఒకటే చెప్పేవాణ్ణి, గుండ్రటి ఒళ్ళుండే ఫ్యాన్సీ గోల్డ్‌ఫిష్‌కి, కొండవాగుల్లో రాళ్ళకి అతుక్కుని బతికే హిల్‌స్ట్రీమ్ లోచ్‌ని మించిన జోడీ లేదని. రెండూ చల్లటి నీళ్ళ చేపలే, 20 నుంచి 23 డిగ్రీలుంటే రెండూ హాయిగా ఉంటాయి. పాచి తినే ప్లెకో చేపల్లాగా గోల్డ్‌ఫిష్ ఒంటికి అతుక్కుని జిగురు నాకే పాడు అలవాటు కూడా నా లోచ్‌ల్లో ఇప్పటిదాకా చూడలేదు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఇది సగమే నిజమని నాకు తెలియజెప్పింది ఒక లోచే.

నాది 4 అడుగుల ట్యాంక్, సుమారు 240 లీటర్లు. అందులో రెండు ఒరాండాలు, ఒక రాంచు (రెండూ గోల్డ్‌ఫిష్ రకాలే), సెవెలియా రకం హిల్‌స్ట్రీమ్ లోచ్‌లు నాలుగు. ఒకరోజు లెక్కపెడితే లోచ్‌లు మూడే ఉన్నాయి. రాళ్ళన్నీ ఎత్తి చూశాను. బయటికి దూకి ఎక్కడైనా ఎండిపోయి ఉందేమోనని ట్యాంక్ వెనక టార్చ్ వేసి వెతికాను. పెద్ద ఒరాండా పొట్ట వైపు కూడా ఒకసారి అనుమానంగా చూశాను, దాని నోట్లో అంత వెడల్పు చేప పట్టదని తెలిసి కూడా. ఇక పోయిందనే అనుకున్నాను. పదకొండో రోజు, ట్యాంక్ అంచుకి తగిలించే ఫిల్టర్‌లో స్పాంజి కడుగుదామని మూత తీస్తే, లోపల గోడకి బల్లిలా అతుక్కుని ఉంది! చిక్కిపోయి కూడా లేదు. మిగతా మూడింటికన్నా పొట్ట నిండుగా, ఒంటి మీద గీతలు నల్లగా, స్పష్టంగా ఉన్నాయి. నీళ్ళు పీల్చే గొట్టానికి స్పాంజి తొడిగి ఉంది కాబట్టి అటునుంచి పోయే వీల్లేదు, అంటే ఫిల్టర్‌లోంచి కిందికి జారే ఆ పల్చటి ధారకే ఎదురెక్కి లోపలికి పోయిందన్నమాట. తీసి ట్యాంక్‌లో వదిలాను. నాలుగు రోజులు తిరక్కుండానే మళ్ళీ ఫిల్టర్‌లోనే కనిపించింది.

నిజం చెప్పాలంటే సిగ్గేసింది. కొండవాగుల ఉరవడికి కొట్టుకుపోకుండా ముందు రెక్కలూ పొట్ట కింది రెక్కలూ కలిపి రాయిని కరుచుకునే చేప అది. దానికి నేనిచ్చింది దాదాపు నిలవ నీళ్ళు. రాంచుకి వీపు మీద రెక్కే ఉండదు, ధార కాస్త గట్టిగా తగిలితే పల్టీలు కొడుతుంది, అందుకని ఫిల్టర్ వేగం నేనే తగ్గించి పెట్టాను. పైగా ఇది ఒక్క ఉరవడి సంగతే కాదు, ఉరికే నీళ్ళకి అలవాటుపడ్డ చేపకి ఆక్సిజన్ కూడా ఎక్కువ కావాలి. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకి దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 దగ్గర అది ఏడున్నరకి పడిపోతుంది. అదే నీళ్ళలో మూడు లావుపాటి గోల్డ్‌ఫిష్ కూడా ఊపిరి పీలుస్తున్నాయి మరి.

తర్వాత ఒక చివర అడుగున చిన్న పంపు పెట్టి, ధార నున్నటి రాళ్ళ మీదుగా పోయేలా తిప్పి, మధ్యలో పెద్ద రాళ్ళూ ఒక చెక్క దుంగా అడ్డం పేర్చాను. మొదటి వారం రాంచు మూలకి నక్కి కూచుంటే పంపు మూతిని పక్క అద్దం వైపు తిప్పాను, అప్పుడు కుదుటపడింది. ఇప్పుడు లోచ్‌లు ఆ చివరనే, మూతి ధారకెదురుగా పెట్టుకుని కూచుంటాయి. మధ్యమధ్య మంచి రాయి కోసం ఒకదాని మీదికొకటి ఎక్కి తోసుకుంటాయి, ఆ గొడవ చూస్తుంటే పని మర్చిపోతాను.

అద్దం శుభ్రం చేస్తాయని మాత్రం కొనకండి. పల్చటి పాచి గీకుతాయి, దారాల్లాంటి నాచు జోలికి పోవు, గోల్డ్‌ఫిష్ రెట్ట సంగతి అసలే అడక్కండి. వారం వారం గొట్టం పెట్టి అడుగున చెత్త లాగడం నాకేమీ తప్పలేదు. తిండి దగ్గరా ఇబ్బందే, బిళ్ళలు వేస్తే అవి అడుగుకి చేరేలోపే ఒరాండాలు మింగేస్తాయి. అందుకే ఎండలో ఒక తొట్టి పెట్టి గులకరాళ్ళకి పాచి పట్టించి, రెండు మూడు రాళ్ళు మార్చిమార్చి ట్యాంక్‌లో వేస్తుంటాను. గోల్డ్‌ఫిష్‌కి జబ్బు చేసి ఉప్పు వేయాల్సొస్తే వాటినే వేరే తొట్టిలోకి మారుస్తాను, లోచ్‌ల మీద ఆ ప్రయోగం చేసే ధైర్యం నాకు లేదు.

ఇంట్లోనే ఉండి పనిచేసుకునేవాణ్ణి కాబట్టి ఇదంతా నాకు సాగుతోంది. రెండడుగుల ట్యాంక్ అయితే ఒక వైపు వాగు, ఇంకో వైపు చెరువు కుదరవు, అలాంటప్పుడు నేనైతే పెట్టను.

పంపు పెట్టాక ఏడాదిన్నరలో ఒక్కసారే మళ్ళీ ఒక లోచ్ ఫిల్టర్‌లోకి ఎక్కింది. దీనికి పాత బుద్ధి పోలేదని తిట్టుకుంటూ బయటికి తీసి, ఎందుకైనా మంచిదని పంపు మీద చెయ్యి పెట్టి చూస్తే ధార లేదు. ఆకు ముక్క అడ్డంపడి ఎప్పుడాగిందో ఏమో, ఆగిపోయి ఉంది.