ఉలికిపాటు మాన్పిస్తానన్న కోచ్ గారికి 38,000 రూపాయలు సమర్పించుకున్నాను, మీరైనా జాగ్రత్త పడండి

నిన్న రాత్రి పదకొండు గంటలకు చిత్తూరు చేరాను. కుడి జబ్బ నల్లగా కమిలిపోయి ఉంది, కోపం ఇంకా చల్లారలేదు. క్లే షూటింగులో, అంటే గాలిలోకి ఎగరేసిన పెళుసు పళ్లేలను తుపాకితో పగలగొట్టే ఆటలో, ఉలికిపాటును మూడు రోజుల్లో మాన్పిస్తానంటూ తిరుపతి, చిత్తూరు వైపు వాళ్లందరికీ వాట్సాప్‌లో వీడియోలు పంపుతున్న ఆ కోచ్ గారి గురించే రాస్తున్నాను; ఆయనెవరో మీలో చాలామందికి చెప్పనక్కరలేదు. రుసుము 38,000 రూపాయలు. 24 గ్రాముల గుళ్లుండే తేలికపాటి తూటాలు, తుపాకి బట్టుకు (భుజానికి ఆనించే వెనక భాగానికి) తగిలించే ‘ప్రత్యేక’ రబ్బరు ప్యాడు అందులోనే కలిపి ఇస్తామన్నారు.

నా జబ్బు పాతదే. ట్రిగ్గర్ నొక్కకముందే, తుపాకి వెనక్కి తన్నబోయే తన్నునూ చప్పుడునూ తలచుకొని కళ్లు మూతపడతాయి, భుజం ముందుకు తోసుకువస్తుంది, గొట్టం కిందికి వాలుతుంది. 110 మిల్లీమీటర్ల పళ్లెం గాలిలో దూసుకుపోతుంటే ఆ ఒక్క రెప్పపాటు చాలు, గురి తప్పడానికి. 25 పళ్లేల్లో పది పగిలితే ఆ రోజు నాకు పండుగే.

రెండో రోజు ఉదయం జరిగినదాన్ని మాత్రం వివరంగా చెప్పాలి. కోచ్ గారు నా చేతిలోని తుపాకి తీసుకొని, తానే తూటా నింపి ఇచ్చారు. నేను ‘పుల్’ అన్నాను, పళ్లెం లేచింది, ట్రిగ్గర్ నొక్కాను. టిక్కుమని చిన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. నా ఒళ్లు మాత్రం పేలినట్టే ఎగిరిపడింది, గొట్టం జానెడు కిందికి దిగింది. మందులేని తూటా పెట్టి పరీక్షించడం మంచి పద్ధతే, దానికి నాకు అభ్యంతరం లేదు. అయితే ఆయన దాన్ని ఫోనులో వీడియో తీసి, టీ తాగుతున్న ఎనిమిది మంది ముందు మూడుసార్లు వేసి చూపించి, “పాఠాలు చెప్పుకునే చేతులకు చాక్‌పీసు చాలు కదా సార్, తుపాకి ఎందుకు?” అన్నారు. అందరూ నవ్వారు. సిగ్గు లేకుండా నేనూ నవ్వాను.

ఆ నవ్వు దాచుకోవడానికి తల దించుకున్నప్పుడే తూటాల పెట్టె కంటబడింది. దాని మీద 36 గ్రాములు అని ఉంది. ఒలింపిక్ ట్రాప్, స్కీట్ పోటీల్లో ఒక్కో తూటాలో మొత్తం 24 గ్రాముల గుళ్లే వాడతారు. అదే తుపాకిలో, అదే వేగంతో 36 గ్రాములు పేలిస్తే తన్ను శక్తి రెట్టింపు పైమాటే. అంటే భయం పోగొట్టుకోవడానికి డబ్బు కట్టి, రెండు రోజులుగా నేను భయాన్నే సాధన చేశానన్నమాట. అడిగితే, “దెబ్బలు తింటేనే భయం పోతుంది” అన్నారు. డబ్బు వాపసు మాట ఎత్తగానే ఆయనకు అర్జెంటుగా ఫోను వచ్చింది.

ఇరవై ఏళ్లుగా ద్రవ్యవేగ నిత్యత్వ నియమానికి తుపాకి తన్నడాన్నే ఉదాహరణగా ఇంటర్ పిల్లలకు చెబుతున్న నేను, పెట్టె మీద గ్రాములు చదవలేదు. నా విద్యార్థి ఎవడైనా ఇలా చేసి ఉంటే గోడకుర్చీ వేయించేవాణ్ణి. పైగా ఆ ప్యాడు తగిలించడంతో బట్టు పొడవు పెరిగి, అది భుజం గుంటలో కాక జబ్బ మీద కూర్చుంది. అద్దం ముందు ఒక్కసారి తుపాకి ఎత్తి చూసుకున్నా తెలిసిపోయేది.

మీరెవరైనా ఇటువంటి శిక్షణకు వెళ్తుంటే తూటా పెట్టె మీది గ్రాములు మీరే చదవండి, బట్టు పొడవు సరిచూడమని అడగండి, చెవుల్లో ఫోమ్ బిళ్లలు పెట్టుకొని వాటి మీద చెవులను కప్పే మఫ్ కూడా వేసుకోండి. ఒళ్లు నొప్పి మొదలైతే ఆ రోజుకు ఆపేయండి. మందులేని తూటా పరీక్ష నమ్మకమైన స్నేహితుడితో చేయించుకోండి, ఫోను అతని జేబులోనే ఉండేలా చూసుకోండి.

బిల్లు ఇంతవరకూ పంపలేదు. ఆ ‘ప్రత్యేక’ ప్యాడును ఈ ఉదయం వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా కింద అడ్డుపెట్టాను. ఆ పనికి బాగానే ఉంది.