సెకండ్‌హ్యాండ్ సర్వర్ కొంటున్నారా? డెమోలో స్పీడ్ చూసి మురిసిపోకండి

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణానికి కంప్యూటర్లు, లెక్కల సాఫ్ట్‌వేర్ నేనే చూస్తాను. దసరా అయ్యాక సేటు సర్వర్ మార్చుదామంటే హనుమకొండలో ఒక షాపులో పాతది తీసుకున్నాం. 64 జీబీ ర్యామ్, మిర్రర్‌లో, అంటే ఒకదానికి ఇంకోటి కాపీగా, రెండు సాటా హార్డ్ డిస్కులు. ఒకే సర్వర్‌ను నాలుగైదు కంప్యూటర్లలా నడిపే ప్రాక్స్‌మాక్స్ ఎక్కించి, రెండు వర్చువల్ మెషిన్లు (వీఎంలు) పెట్టి వాళ్లే రెడీ చేసిచ్చారు. షాపు పేరు రాయను, డబ్బుల పంచాయితీ ఇంకా తెగలేదు.

డెమోలో అక్కడి అబ్బాయి వీఎం లోపల, ఫైలు రాసి స్పీడ్ చెప్పే డీడీ కమాండ్ కొట్టి, సెకనుకు 1.9 జీబీ రాస్తోందని చూపించాడు. మురిసిపోయాను. నా బుర్ర పని చేయాల్సింది అక్కడే. డిస్కును కలిపే సాటా కనెక్షన్ హద్దే సెకనుకు 6 గిగాబిట్లు. ఎంత మంచి ఎస్‌ఎస్‌డీ పెట్టినా 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, గిర్రున తిరిగే డిస్కు 200 ఇస్తేనే గొప్ప. మిగతా స్పీడంతా ర్యామ్‌ది.

మార్చిలో, మిర్చి జోరుగా వస్తున్న రోజుల్లో, మధ్యాహ్నం కరెంటు పోయింది. యూపీఎస్ రెండు నిమిషాలు మొత్తుకుని ఆగిపోయింది. అది మా తప్పే, బ్యాటరీ మార్చలేదు. సర్వర్ మళ్లీ లేచింది గానీ లెక్కలన్నీ ఉండే డేటాబేస్, పోస్ట్‌గ్రెస్, లేవలేదు. ‘కుడ్ నాట్ లొకేట్ ఎ వ్యాలిడ్ చెక్‌పాయింట్ రికార్డ్’ అని ఒకటే లైను, అంటే ఎక్కడి నుంచి లేవాలో చెప్పే రికార్డు దొరకలేదని. బయట రైతులు తక్‌పట్టీల (అమ్మిన సరుకు లెక్క చీటీల) కోసం నిలబడ్డారు, లోపల నాకు చెమటలు. చివరికి రాత్రి బ్యాకప్ ఎక్కించి, ఆ రోజు తక్‌పట్టీలు కార్బన్ కాపీలు చూసి మళ్లీ కొట్టాం. 214. అర్ధరాత్రి దాటింది.

అయినా కరెంటు పోయినంత మాత్రాన పోస్ట్‌గ్రెస్ ఇలా చెడిపోకూడదు. కమిట్ అయిన (ఎంట్రీ ఖాయం చేసిన) ప్రతిసారీ ‘డిస్కు మీద పడిందా?’ అని అడిగి, అవునన్నాకే ముందుకు పోతుంది. మరి ఆ అవును అన్నదెవరు? మర్నాడు వీఎం డిస్కు సెట్టింగ్ తెరిచాను. క్యాష్ (రాసేదాన్ని కాసేపు ర్యామ్‌లో ఆపే ఏర్పాటు) దగ్గర ‘రైట్ బ్యాక్ అన్‌సేఫ్’ అని ఉంది. ప్రాక్స్‌మాక్స్ మామూలుగా ఇచ్చేది ‘నో క్యాష్’, అంటే ఎవరో కావాలనే మార్చారు.

ఉత్తి రైట్‌బ్యాక్ అయితే అంత భయం లేదు. రాసింది హోస్ట్ (అసలు సర్వర్) ర్యామ్‌లో ఆగుతుంది గానీ, డేటాబేస్ ఫ్లష్, అంటే ‘డిస్కుకు పంపెయ్’ అని అడిగితే నిజంగానే డిస్కుకు తోస్తుంది. అన్‌సేఫ్‌లో ఆ అడగడాన్నే పట్టించుకోదు. డిస్కుకు చేరకుండానే చేరిందని చెప్పేస్తుంది.

నేను చేయాల్సిన టెస్టు ఇది. వీఎంలో ఎఫ్‌ఐఓ అనే డిస్కు టెస్టు టూల్‌తో 4కే (4 కేబీ) బ్లాకులు, ప్రతి రాతకూ ఎఫ్‌సింక్ (డిస్కు మీద పడేదాకా ఆగమనడం) పెట్టి నడపాలి. వీఎంలో డైరెక్ట్ ఆప్షన్ ఒక్కటి పెడితే చాలదు, అది లోపలి క్యాష్‌నే తప్పిస్తుంది, హోస్ట్‌ది అలాగే ఉంటుంది. 7200 ఆర్‌పీఎం డిస్కు సెకనుకు తిరిగేదే 120 సార్లు. కాబట్టి ఎఫ్‌సింక్‌లు సెకనుకు వందకు అటూఇటూ రావాలి. మా దాంట్లో వేలల్లో వచ్చాయి. కరెంటు పోయినా రాసింది దాచుకునే, బ్యాటరీ ఉన్న రెయిడ్ కార్డు (డిస్కులను నడిపే కార్డు) ఉంటే ఆ లెక్క నిజమే కావచ్చు, మా దాంట్లో కార్డే లేదు. నో క్యాష్‌కు మార్చి చూస్తే 90. మేం డబ్బు కట్టింది ఈ 90కి.

ఫోన్ చేస్తే షాపాయన, ‘అన్నా, స్పీడ్ గావాలన్నరు, ఇచ్చిన. కరెంట్ పోతే నేనేం జేస్త?’ అన్నాడు.

ఇప్పుడు ఇంకో మెషిన్ కోసం తిరుగుతున్నా. షాపులో వీఎం ఆన్ చేయించి, డేటాబేస్‌లోకి వరుస నంబర్లు పడుతుండగా, నా ల్యాప్‌టాప్‌లో ఆఖరి నంబర్ నోట్ అవుతుండగా, పవర్ వైరు పీకుతానంటున్నా. మొదటి షాపులో వద్దన్నారు. రెండో షాపాయన మాత్రం ‘పీకు’ అని తనే స్టూలు జరిపాడు. లేచాక చూస్తే ల్యాప్‌టాప్‌లోని ఆఖరి నంబర్ డేటాబేస్‌లోనూ ఉంది. రేటు మూడు వేలు ఎక్కువ చెబుతున్నాడు, సేటును ఒప్పించాలి.