ఐస్‌లాండ్‌లో వేడి వెతుక్కుంటూ: కొత్త ఇంటి హీటింగ్ కోసం చేసిన యాత్ర

పల్లెలో కట్టుకునే కొత్త ఇంటికి జియోథర్మల్ హీటింగ్, అంటే నేలలోని వేడితో ఇంటిని వెచ్చబరిచే ఏర్పాటు, పెట్టించాలనుకుంటూ, ముందు ఒకసారి కళ్లారా చూద్దామని ఐస్‌లాండ్ బయల్దేరేవాళ్లు రాజధాని రేక్యావిక్‌లో తక్కువ, వాయవ్య మూలన ఉన్న వెస్ట్‌ఫియోర్డ్స్‌లో ఎక్కువ ఉండేలా ప్లాన్ చేసుకోండి. ఫొటోలకు బాగుండేవన్నీ రాజధాని చుట్టుపక్కలే ఉన్నాయి. మన ఇంటికి పనికొచ్చే సంగతులు మాత్రం ఎవరూ పెద్దగా వెళ్లని ఆ మూలనే దొరికాయి.

రేక్యావిక్‌లో మేం ఒక పాత అపార్ట్‌మెంట్‌లో దిగాం. బస విషయంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. బయట గాలి చెవులు కోసేస్తుంటే లోపల స్వెటర్ కూడా అక్కర్లేదు. వేడి ఎక్కువైతే ఇక్కడివాళ్లు గదిని వెచ్చబరిచే వేడినీళ్ల రేడియేటర్ తగ్గించరు, కిటికీ తెరుస్తారని ఎవరో చెబితే నేను నమ్మలేదు. ఆ చలిలో ఎదురింటి కిటికీలు బార్లా తెరిచి ఉండడం చూశాక నమ్మాల్సి వచ్చింది. దేశంలో పదిళ్లకు తొమ్మిది భూమిలోంచి వచ్చే వేడితోనే వెచ్చగా ఉంటాయి మరి. వేడినీళ్ల కుళాయి తిప్పితే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, కంగారు పడకండి. అది గంధకం. చన్నీళ్లలో ఆ వాసన ఉండదు, తాగడానికి అవే పట్టుకోవాలి. వెండి పట్టీలు, మట్టెలు ఆ వేడినీళ్లు తగిలితే నల్లబడతాయి. ముందే తీసి పెట్టమన్నా వినని మా అత్తగారు తర్వాత ఆ పట్టీలు తోముతూ కూర్చున్నారు. పిల్లలున్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: ఆ కుళాయిలో నీళ్లు చర్మం బొబ్బలెక్కేంత వేడిగా రావచ్చు.

ఇదంతా లాయ్‌గర్‌దాలుర్ అనే లోయలో మొదలైంది. ఒకప్పుడు ఊళ్లో ఆడవాళ్లు బట్టల మూటలు మోసుకుని అక్కడి వేడినీటి ఊటల దాకా నడిచి వెళ్లి ఉతుక్కునేవాళ్లు. 1930లో ఆ లోయ నుంచి మూడు కిలోమీటర్ల పైపు వేసి ఒక బడికి, తర్వాత ఆస్పత్రికి, కొన్ని పదుల ఇళ్లకు వేడినీళ్లు ఇచ్చారు. ఇప్పుడు అక్కడ పెద్ద పబ్లిక్ స్విమ్మింగ్ పూల్ ఉంది. పేరున్న వేడినీటి కొలను బ్లూ లగూన్ కన్నా నాకు ఇదే నచ్చింది. హడావిడి లేదు, చుట్టూ ఊరివాళ్లే, రకరకాల వేడిలో తొట్లు. ఒక్క నియమం మనవాళ్లకు ఇబ్బంది: కొలనులో దిగేముందు అందరి ముందూ బట్టలన్నీ విప్పి సబ్బుతో స్నానం చేయాలి. ఆడవాళ్లకు, మగవాళ్లకు గదులు వేరే అనుకోండి, అయినా మొహమాటమే.

బ్లూ లగూన్‌కు వెళ్లాలనుకుంటే టికెట్ ముందే కొనుక్కోవాలి, ఆ వారం అగ్నిపర్వతం పరిస్థితి ఏమిటో కూడా చూసుకోవాలి. 2023 నవంబర్ నుంచి దాన్ని చాలాసార్లు మూసి తెరిచారు. హీటింగ్ గురించి ఆలోచించేవాళ్లు అక్కడ తెలుసుకోవాల్సింది వేరే ఉంది. ఆ కొలనులో నీళ్లు పక్కనున్న స్వార్ట్‌సెంగి విద్యుత్ కేంద్రం వాడి వదిలినవి. ఆ కేంద్రం నుంచి ఇళ్లకు వేడినీళ్లు తీసుకెళ్లే పైపు మీదుగా 2024 ఫిబ్రవరి 8న లావా పారింది. ఇరవై వేల మందికి పైగా ఒక్కసారిగా వేడి లేకుండా పోయారు. అందరూ కరెంటు హీటర్లు పెడితే లైన్లు తట్టుకోవని, వాడకం తగ్గించుకోమని అధికారులు ప్రజలను కోరాల్సి వచ్చింది. అది చదివాక మా ఇంట్లో కట్టెల పొయ్యి ఒకటి ఉండాల్సిందేనని మా ఆవిడ పట్టుబట్టింది. నేను ఎదురు చెప్పలేదు.

హెల్లిషేది విద్యుత్ కేంద్రంలో సందర్శకుల కోసం ఎగ్జిబిషన్ ఉంది. వాన రోజున పెట్టుకోండి. కార్బన్ డయాక్సైడ్‌ను నీళ్లలో కలిపి బసాల్ట్ రాయిలోకి పంపి, అక్కడే రాయిగా మార్చే పద్ధతి గురించి బాగా చెబుతారు. ఇంటి కోసం వచ్చినవాళ్లకు అంతకన్నా పనికొచ్చేది నెస్యావెట్లిర్ అనే ఇంకో కేంద్రం నుంచి వేడినీళ్లు తెచ్చే పైపు. నెస్యావెట్లిర్ నుంచి రాజధానికి 27 కిలోమీటర్లు. ఆ దారంతా చలిలో వచ్చినా నీళ్లు రెండు డిగ్రీలు కూడా చల్లారవు. కారణం పైపు చుట్టూ వేడి పోకుండా ఆపే పొర, అంటే ఇన్సులేషనే. మనం మాత్రం గోడలకు, పైకప్పుకు ఇన్సులేషన్ దగ్గర పిసినారితనం చూపించి పెద్ద మెషిన్ కొంటాం.

ఉత్తరానికి వెళ్తే దారిలో డేల్దర్‌టుంగుక్వెర్ అనే వేడి ఊట. సెకనుకు 180 లీటర్ల నీళ్లు, 97 డిగ్రీల వేడితో, సలసల కాగుతూ నేలలోంచి పొంగుకొస్తాయి. యూరప్‌లో ఇంత నీటిని ఇచ్చే వేడి ఊట ఇంకొకటి లేదు. ఈ నీళ్లే 64 కిలోమీటర్ల అవతల అక్రానెస్ దాకా వెళ్లి అక్కడి ఇళ్లను వేడి చేస్తాయి. పక్కనే క్రౌమా అనే స్నానాల చోటు ఉంది. శుభ్రంగా ఉంటుంది, జనం తక్కువ. దగ్గర్లోని రేక్‌హోల్ట్‌లో పదమూడో శతాబ్దపు కవి, రాజకీయ నాయకుడు స్నోరి స్టుర్లుసన్ వాడిన వేడినీటి కొలను చూపిస్తారు. చిన్నదే, పది నిమిషాలు చాలు.

ఇక వెస్ట్‌ఫియోర్డ్స్. రోడ్లు చాలాచోట్ల కంకరవే, పెట్రోల్ బంకులు దూరం దూరం. చలికాలంలో కొన్ని దారులు మూసేస్తారు. కారు అద్దెకు తీసుకునేటప్పుడు కంకర రాళ్ల దెబ్బలకు ఇన్సూరెన్స్ వర్తిస్తుందో లేదో అడగండి. దిగేటప్పుడు డోర్ రెండు చేతులతో పట్టుకోండి, గాలికి విరిగిన డోర్ ఖర్చు చాలా పాలసీల్లో మన నెత్తినే పడుతుంది.

ఈ ప్రాంతంలో చాలా ఊళ్లకు వేడినీటి భాగ్యం లేదు. ఇళ్లు కరెంటుతోనే వేడెక్కాలి. అందుకే మేం దిగిన పొలం ఇంట్లో హీట్ పంప్ పెట్టుకున్నారు. కింద కాగే నీళ్లు లేని మామూలు నేల, ఒంటరి ఇల్లు, అప్పుడప్పుడు పోయే కరెంటు. మా పరిస్థితి కూడా అచ్చం ఇదే.

ఇంటి పెద్దావిడ మమ్మల్ని మెషిన్ గదిలోకి తీసుకెళ్లింది. ఫ్రిజ్‌లో ఉండే కంప్రెసర్ లాంటిదే, పనే తిరగబడింది: గడ్డి మైదానం కింద పాతిన పైపుల్లో తిరిగే, చలికి గడ్డకట్టని యాంటీఫ్రీజ్ ద్రవం నేలలోని కొద్దిపాటి వెచ్చదనాన్ని తెస్తుంది, మెషిన్ దాన్ని పిండి ఇంట్లోకి ఇస్తుంది. ఒక యూనిట్ కరెంటుకు మూడు, నాలుగు యూనిట్ల వేడి వస్తుంది. అయితే ఆ లెక్క ఫ్లోర్ హీటింగ్‌లో, అంటే ఇంటి నేల కింద పైపుల్లో, 35 డిగ్రీల నీళ్లు తిప్పినప్పటిది. పాత రేడియేటర్లకు 55 డిగ్రీలు కావాలంటే ఆ లాభంలో చాలా భాగం పోతుంది. ఈ ఒక్క మాట ఏ సేల్స్‌మన్ మాకు ముందు చెప్పలేదు. గది వెనక గోడకు ఆనుకున్న పడకగదిలో పడుకున్నాం, రాత్రి మెషిన్ ఆన్ అయినప్పుడల్లా సన్నగా గుర్రుమంది. నిద్ర పాడవలేదు గానీ, మా ఇంట్లో ఆ గది పడకగది పక్కన ఉండదు.

బాత్రూమ్ నేల కూడా వెచ్చగా ఉంది. కాకపోతే రాజధానిలోలా గంటల తరబడి షవర్ కింద నిలబడితే ట్యాంకులో వేడినీళ్లు అయిపోతాయి. మా అబ్బాయికి అది రెండో స్నానంలోనే తెలిసొచ్చింది. ఆతిథ్యానికి మాత్రం పూర్తి మార్కులు.

మా ఇంటి పైపులు నేలలోకి దించడానికి బోరు వేయాలా, కందకం తవ్వాలా అన్న చర్చ అక్కడే మొదలైంది. చలి పీక్‌లో ఇంటికి పది కిలోవాట్లు కావాలనుకుందాం. ఒక వంతు కరెంటు ఇస్తే నాలుగింట మూడు వంతులు, అంటే ఏడున్నర కిలోవాట్లు నేల నుంచి రావాలి. మంచి రాతిలో మీటరుకు సుమారు 50 వాట్లు లాగవచ్చు కాబట్టి 150 మీటర్ల బోరు. కందకమైతే మీటరున్నర లోతు చాలు, జాగా మాత్రం బోలెడు కావాలి. తడి బంకమట్టి వేడిని బాగా ఇస్తుంది, పొడి ఇసుక ఇవ్వదు, అందుకే ఇసుక నేలలో ఆ జాగా రెండు మూడింతలు పెరుగుతుంది. పైపులు పాతిన చోట చెట్లు నాటకూడదు, షెడ్ వేయకూడదు. పెద్దావిడకు గడ్డి మైదానం ఉంది కాబట్టి కందకం సరిపోయింది. మాది ఇసుక నేల, పైగా మామిడి తోట లేకపోయినా ఏవో చెట్లు పెంచాలన్న ఆశ ఉంది. బోరే వేయిద్దామనుకున్నాం.

ఇంజినీరును కలిసినప్పుడు ముందుగా అడగబోయేది మెషిన్ బ్రాండు గురించి కాదు. ఇంటి నుంచి గంటకు ఎంత వేడి బయటికి పోతుందో గది గదికీ లెక్క కట్టి కాగితం మీద ఇవ్వమంటాం. ఆ తర్వాత మా లైను సింగిల్ ఫేజా, త్రీ ఫేజా, కంప్రెసర్ స్టార్ట్ అయ్యేటప్పుడు దీపాలు మినుకుమంటాయా అని అడగాలి. ట్యాంకు సైజు మాత్రం ఇంకా తేలలేదు. మా అబ్బాయి స్నానాలను బట్టి పెంచాలంటుంది మా ఆవిడ, స్నానాలే తగ్గించాలంటాను నేను.