వికలాంగుల పింఛనుకు నోటీసొచ్చింది: అప్పీలు మేలా, వృద్ధాప్య పింఛనుకు మారడం మేలా?

2025 ఆగస్టులో సచివాలయం నుంచి మా మేనత్తకు ఒక కాగితం వచ్చింది. పాత సర్టిఫికెట్లో 52 శాతం ఉన్న వైకల్యం కొత్త పరీక్షలో 32కు దిగింది. 40 లోపు కాబట్టి వికలాంగుల పింఛను ఆగిపోతుంది, 64 ఏళ్లు నిండాయి కాబట్టి వృద్ధాప్య పింఛనుకు మారుస్తారు, ఒప్పుకోకపోతే అప్పీలు పెట్టుకోవచ్చు అని చెప్పారు. అత్త ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పోపుల డబ్బా కింద దాచేసింది. రెండు రోజుల తర్వాత నేను వెళ్తే అప్పుడు బయటికి తీసింది.

"ఆ నాలుగు వేలన్నా రానీరా. అప్పీలని తిరిగితే అదీ పోద్దేమో" అంది.

ఆ భయం మా ఊళ్లో చాలా ఇళ్లల్లో చూశాను. అందుకే ఈ రెండు దారుల గురించి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు డబ్బు లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000, వృద్ధాప్య, వితంతు పింఛన్లు 4,000. తేడా నెలకు 2,000, ఏడాదికి 24,000. అత్తకు బీపీ, షుగరు మాత్రలకే నెలకు 1,100 అవుతుంది. అంటే ఈ తేడాలో సగానికి పైగా ఆమె మందుల ఖర్చే. అప్పీలుకయ్యే ఖర్చు రెండు మూడుసార్లు ఆటో, బస్సు చార్జీలు, తోడు వెళ్లినవాళ్ల కూలి. గెలిచే అవకాశం నిజంగా ఉంటే మొదటి నెల తేడాతోనే అది తిరిగొచ్చేస్తుంది. కాబట్టి తేల్చుకోవాల్సింది గెలిచే అవకాశం ఉందా లేదా అన్నదే.

అది తేలాలంటే శాతం ఎందుకు తగ్గిందో చూడాలి. మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నాడు. చిన్నప్పుడు తాటిమట్ట తగిలి ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండో కన్ను బాగానే ఉంది. పాత సర్టిఫికెట్ మీద ఇన్నేళ్లూ పింఛను తీసుకున్నాడు, కొత్తదాంట్లో 30 వేశారు. కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక కన్ను పోయి రెండోది బాగుంటే 30 శాతమే. డాక్టరు తప్పు చేయలేదు, నిబంధనే అంత. ఏ ఆసుపత్రికి వెళ్లినా అదే అంకె వస్తుంది. రెండో కంటికి కూడా చూపు తగ్గితే మాట వేరు, అయితే అప్పుడూ అద్దాలు పెట్టుకున్నాక ఎంత కనిపిస్తుందన్నదే లెక్కలోకి వస్తుంది. ఆయన్ను నేనే వృద్ధాప్య పింఛనుకు మారిపొమ్మన్నాను. ఒంటి కన్నుతో పొలం పని చేసిన మనిషికి 30 శాతం అన్యాయమని ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆ అన్యాయం ఎంపీడీవో ఆఫీసులో ఇచ్చే అప్పీలుతో సరికాదు.

అత్త సంగతి అలా కాదు. పోలియోతో ఎడమ కాలు సన్నబడి పొట్టిదైంది, ఆ చెప్పుకు రెండంగుళాల మందాన అడుగు కుట్టించుకుంటుంది. పదేళ్లుగా చెవులు కూడా సరిగా వినపడవు. మొదటి పరీక్షలో ఎముకల డాక్టరు కాలు మాత్రమే చూశారు. మోకాలు ఎంత వంగుతుందో కొలిచారు, కాలి పొడవు టేపుతో చూశారు, పంపేశారు. చెవుల గురించి ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు. అసలు వాళ్లు అడిగింది ఆమెకు వినపడిందో లేదో!

ఒకటికి మించి వైకల్యాలు ఉంటే శాతాలను కలిపేందుకు ఒక సూత్రం ఉంది. పెద్ద శాతాన్ని 90లోంచి తీసేయాలి, మిగిలినదాన్ని చిన్న శాతంతో గుణించి 90తో భాగించాలి, వచ్చింది పెద్ద శాతానికి కలపాలి. కాలికి 32, చెవులకు 18 అనుకోండి. 90లోంచి 32 తీస్తే 58. 58ని 18తో గుణించి 90తో భాగిస్తే 11.6. మొత్తం 43.6. నేరుగా కూడితే వచ్చే 50 రాదు గానీ 40 దాటుతుంది. విడివిడిగా చూస్తే ఏదీ చాలనిది, కలిపితే చాలుతుంది. ఇలా ఏదైనా చూడకుండా వదిలేసినప్పుడు అప్పీలే మేలు, అందులో నాకు సందేహం లేదు.

అప్పీలు చేసే హక్కు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్లోనే ఉంది. ఎవరినీ బతిమాలే పని లేదు. ఊళ్లోవాళ్లు ఎంపీడీవోకు, పట్నంలోవాళ్లు మున్సిపల్ కమిషనర్‌కు అర్జీ ఇవ్వాలి. నోటీసు జిరాక్సు, పాత, కొత్త సర్టిఫికెట్లు, ఆధార్ జతచేయాలి. అర్జీలో "నాకు అన్యాయం జరిగింది" అని రాసి ఊరుకోవద్దు. ఏ పరీక్ష చేయలేదో, ఏ భాగం చూడలేదో పేరు పెట్టి రాయాలి. మేం "చెవి పరీక్ష చేయలేదు, చేయించి రెండు వైకల్యాలూ కలిపి శాతం వేయగలరు" అని రాశాం. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. నోటీసులో గడువు ఉంటే దాన్ని దాటనివ్వొద్దు.

అత్త భయపడినట్టు ఉన్నది పోలేదు. అప్పీలు నడుస్తున్నన్నాళ్లూ ఆమెకు ఒకటో తేదీన పింఛను వచ్చింది.

60 నిండనివాళ్లు, వితంతు పింఛనుకు కూడా రానివాళ్లు ఎంచుకోవడానికేమీ లేదు. వాళ్లకు మారడానికి ఇంకో పింఛను లేదు కాబట్టి ఆధారం ఏ కొంచెం ఉన్నా అప్పీలు పెట్టాల్సిందే. మంచం పట్టినవాళ్లకిచ్చే 15,000 నుంచి 6,000కు దించినప్పుడైతే తేడా నెలకు 9,000. అక్కడ వెనకాడకండి. మనిషిని ఇంట్లో ఎవరు లేపుతున్నారు, ఎవరు తినిపిస్తున్నారు అన్నది అర్జీలో వివరంగా రాయండి.

కొందరు కొడుకు దగ్గర ఉందామని హైదరాబాద్ వెళ్లి, అక్కడైతే సులువేమోనని చూస్తున్నారు. తెలంగాణలో వికలాంగుల పింఛను 4,016. పైగా మన పింఛను ఆ రాష్ట్రానికి బదిలీ కాదు, అక్కడ మొదటి నుంచీ పెట్టుకోవాలి. దానికోసం ఇక్కడి అప్పీలు వదులుకోవడం నష్టం.

రెండోసారి పరీక్షకు అత్తతో నేనే వెళ్లాను. ఆ చెప్పులే వేసుకు రమ్మన్నాను. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడగానే చెయ్యెత్తమన్నారు. అద్దం అవతలి నుంచి చూస్తుంటే చాలాసేపు ఆమె చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది. ఇన్నాళ్లూ ఆమె వినలేదని విసుక్కున్న మాటలన్నీ అప్పుడు గుర్తొచ్చాయి నాకు.

కొత్త సర్టిఫికెట్లో రెండు వైకల్యాలూ రాశారు, 40 దాటింది. శాతంతో పాటు ఇంకో మాట కోసం వెతికాను. 'తాత్కాలికం' అని ఉంటే గడువు తీరగానే మళ్లీ పరీక్షకు వెళ్లాలి. 'శాశ్వతం' అనే ఉంది. ఇంటికొచ్చాక మూడు జిరాక్సులు తీయించి, అసలుది ప్లాస్టిక్ కవర్లో పెట్టి అత్త చేతికిచ్చాను. దాన్ని ఈసారి బీరువాలో పెట్టుకుంది.